గవాహి దొరకని మనుషులు

అమ్మీకీ, ఖాలాజాన్‌కీ మధ్య ‘కటీ పతంగ్’ మీద మొదలైన బహస్ ఇప్పటికీ తెగలేదు.

నా చిన్నప్పుడు ఒక సాయంత్రం దూరదర్శన్‌లో ఆ సినిమా వచ్చింది. మాది బ్లాక్ అండ్ వైట్ టీవీ. చాప మీద పిల్లలం, మంచం మీద పెద్దవాళ్లు. తెల్లచీరలో ఆశా పరేఖ్. ఎవరి ఇంటికో బహూగా వెళ్లి, ఎవరి బిడ్డనో ఎత్తుకుని, ఎవరి పేరుతోనో బతుకుతూ ఉంటుంది. తలుపు చప్పుడైతే చాలు, ఆమె మొహంలో ఖౌఫ్.

“ఈ పిల్ల మొదటిరోజే సచ్ చెప్పేసి ఉంటే ఇంత తక్లీఫ్ ఉండేదా?” అంది అమ్మీ.

ఖాలాజాన్ బేవా అయ్యి అప్పటికి రెండేళ్లు. టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే అంది: “చెబితే యకీన్ చేసేదెవరు ఆపా? వెనకాల ఎవరూ లేని ఆడదాని మాటకి గవాహి ఎవరిస్తారు?”

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. చాలా ఏళ్ల తర్వాత ఆ సినిమా పుట్టుక గురించి వెతుకుతుంటే మళ్లీ గుర్తొచ్చింది. ‘కటీ పతంగ్’ గుల్షన్ నందా నవల. కానీ ఆ గాలిపటం దారం పట్టుకుని వెనక్కి వెళితే అది ముంబయిలో ఆగదు, నైనితాల్‌లోనూ ఆగదు. సముద్రాలు దాటి న్యూయార్క్‌లో ఒక హోటల్ గదికి చేరుతుంది. ఆ గదిలో ఒక మనిషి తన తల్లితో కలిసి ఉంటూ రాత్రింబవళ్లు టైప్ కొడుతూ ఉంటాడు. పేరు కార్నెల్ వూల్‌రిచ్. ఆయన రాసిన కిస్సాలన్నీ కలిపి చూస్తే ఖాలాజాన్ అడిగిన సవాలే: నువ్వు చెప్పేది సచ్. కానీ గవాహ్ ఎవరు?

ఈ వ్యాసం ఆయన గురించి, ఆయన పుస్తకాల మీద వచ్చిన సినిమాల్లో నాకు బాగా పసంద్ అయినవాటి గురించి.

హోటల్ గదిలో ముసన్నిఫ్

వూల్‌రిచ్ 1903 డిసెంబర్ 4న న్యూయార్క్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు విడిపోయారు. బాల్యంలో కొంతకాలం తండ్రి దగ్గర మెక్సికోలో గడిచింది. ఒకరాత్రి అక్కడి ఆకాశంలో నక్షత్రాలను చూస్తుంటే, తనకూ ఏదో ఒకరోజు మౌత్ తప్పదని తెలిసివచ్చిందని, ఆ ఖౌఫ్ తనను మళ్లీ వదల్లేదని పెద్దయ్యాక రాసుకున్నాడు. అప్పటికి ఆయన వయసు పదకొండు.

తర్వాత తల్లి దగ్గరికి వచ్చి కొలంబియా యూనివర్సిటీలో చేరాడు. చదువు పూర్తి చేయలేదు. 1926లో మొదటి నవల వచ్చింది. రెండో నవల ‘చిల్డ్రన్ ఆఫ్ ది రిట్జ్’కి 10,000 డాలర్ల ఇనామ్ దొరికింది. ఆ రోజుల్లో అది చిన్న రకమ్ కాదు. ఆ నవలను సినిమా తీస్తామని హాలీవుడ్ పిలిచింది. వెళ్లాడు. 1930లో అక్కడే ఒక సినీ నిర్మాత కూతురితో పెళ్లయింది. ఆ కాపురం నెలల్లోనే చెడిపోయింది. ఆయన తిరిగి తల్లి దగ్గరికే వచ్చేశాడు. న్యూయార్క్‌లో హోటల్ మార్సెయ్ అనే చోట ఇద్దరూ ఏళ్ల తరబడి ఉన్నారు. 1957లో ఆమె ఇంతెకాల్ అయ్యేవరకూ ఆయన లోకం ఆమే.

ప్రేమ నవలలు రాసేవాడు 1934 నుంచి చవకరకం క్రైమ్ పత్రికలకు కథలు రాయడం మొదలెట్టాడు. పదం లెక్కన పైసలిచ్చే పత్రికలవి. 1940లో ‘ద బ్రైడ్ వోర్ బ్లాక్’ వచ్చింది. అక్కడి నుంచి ఎనిమిదేళ్లలో ఆయన పేరు నిలబెట్టిన నవలలన్నీ వచ్చేశాయి. ఒక్క పేరు చాలక విలియం ఐరిష్ అనీ, జార్జ్ హాప్లీ అనీ మరో రెండు పేర్లతో కూడా రాశాడు. చాలా నవలల పేర్లలో ‘బ్లాక్’ అన్న మాట ఉంటుంది. 1946లో ఫ్రాన్స్ విమర్శకులు ఇలాంటి అమెరికన్ సినిమాలకు ‘ఫిల్మ్ నువార్’ అని పేరు పెట్టారు. నువార్ అంటే నలుపు, మన మాటలో సియాహ్. ఆ సియాహీలో కలం ముంచి ఎక్కువ రాసినవాళ్లలో ఈయన ఒకడు.

జాసూస్ లేని జాసూసీ నవల

మన ఇళ్లలో జాసూసీ నవల అంటే ఇబ్నె సఫీ. ‘జాసూసీ దునియా’లో కర్నల్ ఫరీదీ ఉంటాడు, కెప్టెన్ హమీద్ ఉంటాడు. ఇంకో సిరీస్‌లో ఇమ్రాన్ ఉంటాడు. ముజ్రిమ్ ఎంత చాలాక్ అయినా వీళ్లు పట్టేస్తారని పాఠకుడికి భరోసా. పుస్తకం మూసి హాయిగా నిద్రపోవచ్చు.

వూల్‌రిచ్ దగ్గర ఆ భరోసా లేదు. ఎక్కువ కథల్లో జాసూసే ఉండడు. పోలీసులున్నా వాళ్లకు యకీన్ ఉండదు. ఉండేది ఒక మామూలు మనిషి: ఒక గుమాస్తా, ఒక డాన్సర్, ఒక చిన్నపిల్లవాడు, కడుపుతో ఉన్న ఒక ఒంటరి అమ్మాయి. వాళ్లకు ఒక సచ్ తెలుసు, లేదా వాళ్ల మీద ఒక ఝూటా ఇల్జామ్ పడింది. గవాహి చెప్పాల్సినవాళ్లు చెప్పరు. గడియారం తిరుగుతూ ఉంటుంది.

కథ అల్లికలో ఆయన అంత పక్కా మనిషి కాదు. ఇత్తెఫాకులు ఎక్కువ. ‘ఇదెలా కుదురుతుంది’ అని ఆగి అడిగితే గోడ కూలిపోతుంది. కానీ చదివేవాణ్ణి ఆగి అడగనివ్వడు. సినిమావాళ్లకు ఆయన అంత నచ్చడానికి అసలు వజా ఇదే అనుకుంటాను. ఆయన పేజీలో ఆలోచనలకంటే కంటికి, చెవికి అందేవి ఎక్కువ. మెట్ల మీద అడుగులు, కిటికీ వెనక నీడ, చీకట్లో వెలిగి ఆరిపోయే సిగరెట్ నిప్పు. కెమెరా పెట్టి తీయడమే తరువాయి.

తలుపు గడియ: ‘ద లెపర్డ్ మ్యాన్’

నాకు నచ్చిన వాటిలో మొదటిది 1943 నాటి ‘ద లెపర్డ్ మ్యాన్’. మూలం ‘బ్లాక్ అలీబీ’ నవల. నిర్మాత వాల్ ల్యూటన్, డైరెక్టర్ జాక్ టూర్నర్. గంటా పది నిమిషాలు కూడా లేని చిన్న సినిమా. నవల దక్షిణ అమెరికాలో జరుగుతుంది. సినిమాను న్యూ మెక్సికోకి మార్చారు.

ఊళ్లో ఒక చిరుతపులి తప్పించుకుంది. ఒక పేదింటి అమ్మాయిని తల్లి రాత్రిపూట మొక్కజొన్న పిండి తెమ్మంటుంది. పిల్ల భయపడి వెళ్లనంటుంది. బహానాలు చెబుతోందని తల్లి బయటికి తోసి గడియ వేస్తుంది. పిల్ల వెళుతుంది. తిరిగొస్తుంటే చీకట్లో ఏదో వెంటపడుతుంది. తలుపు బాదుతూ అమ్మా అని అరుస్తుంది. మొదట తల్లి నమ్మదు. నమ్మి గడియ తీయబోతే అది ఇరుక్కుంటుంది. కెమెరా ఇంటి లోపలే ఉంటుంది. కేకలు ఆగిపోతాయి. తలుపు కిందినుంచి సన్నగా ఖూన్ పాకుతూ వస్తుంది.

పులి కనబడదు. గాయం కనబడదు. సొంత తల్లే ఒక నిమిషం ఆలస్యంగా యకీన్ చేసింది, అంతే. సినిమా రెండో సగం కాస్త నీరసంగా ఉంటుంది. కానీ ఆ తలుపు చూసినవాళ్లు మరిచిపోలేరు. బిడ్డలున్నవాళ్లు అసలే మరిచిపోరు.

టోపీ పెట్టుకున్న ఆడమనిషి: ‘ఫాంటమ్ లేడీ’

1942 నవల, 1944 సినిమా. భార్యతో గొడవపడి ఇంట్లోంచి వచ్చేసిన ఒకతను బార్‌లో ఒక అజ్నబీ ఆడమనిషిని కలుస్తాడు. ఆమె తలమీద ఒక వింత టోపీ. పేర్లు చెప్పుకోకుండానే కలిసి ఒక షో చూసి విడిపోతారు. ఇంటికొస్తే భార్య కత్ల్ అయి ఉంది. ఆ సమయంలో తాను ఫలానా ఆమెతో ఉన్నానంటాడు. బార్‌వాడు, టాక్సీవాడు, షోలో డాన్సర్ అందరూ ఒకటే మాట: ఈయన్ని చూశాం, పక్కన ఏ ఆడమనిషీ లేదు. అదాలత్ మరణశిక్ష వేస్తుంది.

నవల్లో వూల్‌రిచ్ అధ్యాయాలకు పెట్టిన పేర్లు చూడండి. శిక్షకు ఇన్ని రోజుల ముందు, ఇన్ని రోజుల ముందు అని లెక్క తగ్గుతూ వస్తుంది. పేజీ తిప్పితే ఆ మనిషి ఆయుష్షులో కొన్ని రోజులు పోయినట్టే.

డైరెక్టర్ రాబర్ట్ సియోడ్‌మాక్ యూదు కుటుంబంలో పుట్టినవాడు, నాజీల జర్మనీ వదిలి పారిపోయి వచ్చినవాడు. పొరుగువాళ్లు ‘మేం చూడలేదు’ అనడం అంటే ఏమిటో ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు. నిర్మాత జోన్ హారిసన్, హిచ్‌కాక్ దగ్గర సెక్రటరీగా చేరి స్క్రీన్‌ప్లే రచయిత్రిగా ఎదిగిన మనిషి. నిర్మాతగా ఇది ఆమెకు మొదటి సినిమా. బహుశా అందుకే కథ బరువంతా ఆఫీసులో పనిచేసే సెక్రటరీ అమ్మాయి భుజాల మీద పడింది. ఎల్లా రెయిన్స్ వేసిన పాత్ర. బాస్ బేగునా అని నమ్మిన ఒకే ఒక్క మనిషి ఆమె. ఒక్కో గవాహ్ వెంటా పడి, కూర్చుని, చూపుతోనే వాళ్ల నిద్ర చెడగొడుతుంది.

సినిమాలో ఒక గలతీ ఉంది. కాతిల్ ఎవరో నవల చివర్లో చెబుతుంది. సినిమా మధ్యలోనే చెప్పేస్తుంది. సస్పెన్స్ కొంత తగ్గింది. అయినా ఆ అమ్మాయి నడిచిన ఖాళీ వీధులు చూడటానికైనా ఇది చూడాలి.

అబద్ధాలకోరు పిల్లవాడు: ‘ద విండో’

కుటుంబమంతా కలిసి చూడదగ్గది ఒక్కటి చెప్పమంటే ఇదే చెబుతాను. 1949లో వచ్చింది. డైరెక్టర్ టెడ్ టెట్జ్‌లాఫ్. హిచ్‌కాక్ ‘నొటోరియస్’కి కెమెరా పట్టినాయన.

న్యూయార్క్‌లో పేదల వాడ. ఎండాకాలం. ఉక్క భరించలేక టామీ అనే పిల్లవాడు ఇంటి బయట ఇనుప మెట్ల మీద పడుకుంటాడు. పై అంతస్తు కిటికీలోంచి భార్యాభర్తలు ఒక మనిషిని చంపడం చూస్తాడు. పొద్దున్నే అమ్మానాన్నలకు చెబుతాడు. కానీ వాడు రోజూ ఏదో ఒక కట్టుకథ చెప్పేవాడే. వాళ్లు నమ్మరు. పోలీసుల దగ్గరికి వెళతాడు. వాళ్లూ నమ్మరు. తల్లి అయితే చేయిపట్టి లాక్కెళ్లి, ఆ పై అంతస్తు ఆవిడకే మాఫీ చెప్పిస్తుంది. తల్లికి తెలియకుండా కాతిల్‌కి గవాహ్‌ని పట్టి ఇచ్చింది. ఆ సీన్‌లో పిల్లవాడి కళ్లు చూసి మా చిన్నోడు నా చేయి పట్టుకున్నాడు.

తల్లిదండ్రులు చెడ్డవాళ్లు కారు. కష్టజీవులు, పరువుగా బతికేవాళ్లు. అందుకే ఎక్కువ భయమేస్తుంది. మనమూ మన పిల్లల మాట ఎన్నిసార్లు ‘చల్, ఝూట్’ అని కొట్టిపారేశామో గుర్తొస్తుంది.

టామీగా వేసిన బాబీ డ్రిస్కాల్‌కి 1949 సంవత్సరపు ఉత్తమ బాలనటుడిగా ప్రత్యేక ఆస్కార్ ఇచ్చారు. పెద్దయ్యాక అవకాశాలు పోయాయి, మత్తుమందులు పట్టుకున్నాయి. 1968 మార్చిలో న్యూయార్క్‌లోనే, ఎవరూ ఉండని ఒక పాత బిల్డింగ్‌లో అతని మయ్యత్ దొరికింది. వయసు 31. ఈ మనిషి ఫలానా అని చెప్పేవాళ్లు లేరు. లావారిస్ శవాలను పూడ్చే హార్ట్ ఐలాండ్‌లో పూడ్చారు. మరుసటి ఏడు వేలిముద్రల ద్వారా గుర్తుపట్టారు. వూల్‌రిచ్ పోయిందీ అదే నగరంలో, అదే ఏడాదిలో.

విరిగిన కాలు: ‘రియర్ విండో’

అందరికీ తెలిసిన సినిమా ఇది. 1942లో ఒక పత్రికలో వచ్చిన చిన్నకథ ఆధారం. హిచ్‌కాక్ 1954లో తీశాడు. కదల్లేక కిటికీ దగ్గర కూర్చున్న మనిషి ఎదురింటివాడు భార్యను చంపాడని షక్ పడతాడు.

కథకీ సినిమాకీ తేడా చూడండి. కథలో ఆ మనిషి దాదాపు అకేలా. తోడుగా సామ్ అనే పనిమనిషి ఒక్కడే. అతను ఎందుకు కదలడో కూడా రచయిత దాచిపెడతాడు. కాలికి ప్లాస్టర్ ఉందని చివర్లో డాక్టర్ వచ్చినప్పుడే తెలుస్తుంది. సినిమాలో మొదటి నిమిషాల్లోనే ప్లాస్టర్ కనబడుతుంది. స్క్రీన్‌ప్లే రాసిన జాన్ మైకేల్ హేయ్స్ ఆ మనిషికి గ్రేస్ కెల్లీ లాంటి ప్రియురాలినీ, థెల్మా రిట్టర్ లాంటి నోరున్న నర్సునీ ఇచ్చాడు. మొదట వాళ్లు నమ్మరు, తర్వాత నమ్ముతారు. ఆ నమ్మడమే ఆ సినిమాలో మొహబ్బత్.

ఎదురుగా పదుల కిటికీలు, ఒక్కో కిటికీలో ఒక్కో సంసారం. ఆ మొత్తం స్టూడియోలో కట్టిన సెట్టే. చాలామంది దీన్ని వూల్‌రిచ్ మీద వచ్చిన సినిమాల్లో అవ్వల్ నంబర్ అంటారు. సినిమాగా నేనూ అంటాను. కానీ వూల్‌రిచ్ ఖౌఫ్ ఇందులో తగ్గింది. ఆయన మనుషులకు ఇంతమంది తోడుండరు.

ఒకే కథ, వేరు వేరు అంజామ్‌లు

ఇప్పుడు ఖాలాజాన్ సినిమాకి వద్దాం.

1948 నవల ‘ఐ మ్యారీడ్ ఎ డెడ్ మ్యాన్’. హెలెన్ అనే అమ్మాయి గర్భిణి. మోసం చేసినవాడు ఐదు డాలర్లు, ఒకవైపు రైలు టికెట్ ఇచ్చి వదిలించుకున్నాడు. రైల్లో కొత్త దంపతులు పరిచయమవుతారు. ఆ అమ్మాయీ గర్భిణే. అత్తింటివాళ్లు ఇంకా ఆమెను చూడలేదు. చేతులు కడుక్కుంటూ తన ఉంగరం హెలెన్‌ని పెట్టుకోమంటుంది. అదే నిమిషంలో రైలు బోల్తా. హెలెన్‌కి మెలకువ వచ్చేసరికి హాస్పిటల్లో అందరూ ఆమెను ఆ ఇంటి కోడలే అనుకుంటున్నారు. పొత్తిళ్లలో బిడ్డ. సచ్ చెబితే మళ్లీ ఫుట్‌పాత్. చెప్పకపోతే బిడ్డకు ఇల్లు, పాలు, తాత, నానమ్మ.

ఆమె ఊరుకుంటుంది. ఆ ఇంట్లో మొహబ్బత్ దొరుకుతుంది. చనిపోయినవాడి తమ్ముడు ఆమెను ఇష్టపడతాడు. అప్పుడు పాత ద్రోహి తిరిగొచ్చి బ్లాక్‌మెయిల్ మొదలెడతాడు. ఒకరాత్రి అతను కత్ల్ అవుతాడు. చంపింది ఎవరు? నవల చెప్పదు. తాను కాదని ఆమెకు తెలుసు, కాబట్టి అతనే అనుకుంటుంది. తాను కాదని అతనికి తెలుసు, కాబట్టి ఆమే అనుకుంటాడు. ఇద్దరూ ఒకే కప్పు కింద, ఒకరినొకరు ప్రేమిస్తూ, ఒకరినొకరు షక్ చేస్తూ మిగిలిపోతారు. ఒకరికొకరు గవాహి ఇచ్చుకోలేరు. ఇంత చల్లని అంజామ్ నేను మరో క్రైమ్ నవల్లో చదవలేదు.

దీన్ని మొదట 1950లో ‘నో మ్యాన్ ఆఫ్ హర్ ఓన్’గా తీశారు. డైరెక్టర్ మిచెల్ లైసెన్, హీరోయిన్ బార్బరా స్టాన్‌విక్. రైలు సీను, ఉంగరం, హాస్పిటల్ అన్నీ గొప్పగా ఉంటాయి. చివర్లో మాత్రం కాతిల్ ఇంకెవరో అని పోలీసులు తేల్చేస్తారు. గుండె బరువు దిగుతుంది. కానీ నవల వదిలివెళ్లిన ముల్లు కూడా ఊడిపోతుంది.

శక్తి సామంతా ‘కటీ పతంగ్’ 1971లో థియేటర్లకు వచ్చింది. ఇందులో చేసిన మార్పు చాలా తెలివైనది. మాధవికి ఉంగరం వల్ల గలత్‌ఫెహ్మీ జరగదు. ఆమె స్నేహితురాలు పూనమ్ అప్పటికే బేవా, చంటిబిడ్డ తల్లి. రైలు ప్రమాదంలో చనిపోతూ, నా బిడ్డ కోసం నువ్వు నేనై మా అత్తింటికి వెళ్లు అని వాదా తీసుకుంటుంది. అమెరికాలో ఆ అమ్మాయి ఆకలి వల్ల అబద్ధమాడింది. మన దగ్గర మాట కోసం ఆడింది. మన ప్రేక్షకులు హీరోయిన్‌ని మాఫ్ చేయాలంటే ఆ వాదా కావాలని గుల్షన్ నందాకి తెలుసు.

ఇంకో మార్పు తెల్లచీర. కోడలి పేరుతోపాటు ఆమె బేవాతనం కూడా ఈమె కట్టుకోవాలి. పెళ్లే కాని అమ్మాయి బేవాలా బతకాలి, రంగుకీ హోలీకీ దూరంగా ఉండాలి. అక్కడ ఖాలాజాన్ అన్న మాట కూడా నాకు గుర్తుంది. “బేవా రెండో నికాహ్ చేసుకోవడం మనలో గునా కాదు. అయినా మన మొహల్లాలోనూ చూపులు ఆ తెల్లచీర చూపులే కదా ఆపా.” అమ్మీ జవాబు ఇవ్వలేదు. ఆ పాత్రకి ఆశా పరేఖ్‌కి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. ప్రేమ్ చోప్రా పాత్ర అబద్ధం బయటపడి, మాధవి మీద కత్ల్ ఇల్జామ్ తొలగి, రాజేశ్ ఖన్నాతో కలవడంతో సినిమా ముగుస్తుంది.

ఫ్రాన్స్‌లో 1983లో నతాలీ బాయ్‌తో ఇదే కథ మళ్లీ తీశారు. 1996లో హాలీవుడ్ దీన్నే ‘మిసెస్ వింటర్‌బోర్న్’ అని కామెడీ చేసేసింది. ఒక మనిషి ఖౌఫ్‌తో రాసినదాన్ని ఇంకొకరు నవ్వులకు వాడుకున్నారు. కథ మాత్రం బతికే ఉంది.

ట్రూఫో తీసిన రెండు

ఫ్రెంచ్ డైరెక్టర్ ఫ్రాన్స్వా ట్రూఫో వూల్‌రిచ్‌వి రెండు తీశాడు. 1968లో ‘ద బ్రైడ్ వోర్ బ్లాక్’. జాన్ మొరో వధువు. నికాహ్ అయి మెట్లు దిగుతుండగానే భర్త తుపాకీ గుండుకు పడిపోతాడు. కారకులైన ఐదుగురిని ఆమె ఒక్కొక్కరినీ వెతికి చంపుతుంది. హిచ్‌కాక్ సినిమాలకు సంగీతం ఇచ్చిన బెర్నార్డ్ హెర్మనే దీనికీ ఇచ్చాడు.

ఇక్కడా అంజామ్ మారింది. నవల చివర్లో తెలిసేది ఏమిటంటే, ఆమె బదలా తీర్చుకున్నది బేగునాల మీద. అసలు కాతిల్ వేరే. ఇంత ఖూన్ వృథా. ట్రూఫో ఆ మలుపు తీసేశాడు. ఎదురింట్లో ఐదుగురు తుపాకీతో ఆడుకుంటుంటే పొరపాటున పేలిందన్నాడు. సినిమా చల్లగా, అందంగా ఉంటుంది. నాకు మాత్రం నవల అంజామే సహీ అనిపిస్తుంది. ఇన్సాఫ్ చేస్తున్నాననుకుని జుల్మ్ చేసినవాళ్ల కథ అది. అలాంటి కథలు మన కాలానికి ఇంకా ఎక్కువ అవసరం.

రెండోది 1969లో ‘మిసిసిపి మెర్మెయిడ్’. మూలం ‘వాల్ట్జ్ ఇంటు డార్క్‌నెస్’. ఉత్తరాల మీద రిష్తా కుదిరి, ఓడలో దుల్హన్ దిగుతుంది. ఫొటోలో ఉన్నది ఈమె కాదు. నవల 1880 నాటి న్యూ ఆర్లియన్స్‌లో జరుగుతుంది. సినిమాను హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి తెచ్చారు. ధోకా అని తెలిసినా ఆమెనే కావాలనుకునే మనిషిగా బెల్మాండో, ఆమెగా కాథరీన్ దెనవ్. అబద్ధమాడిన మనిషికి కూడా మొహబ్బత్ గవాహి ఇస్తుందా అని అడిగే సినిమా. 2001లో హాలీవుడ్ ‘ఒరిజినల్ సిన్’ పేరుతో మళ్లీ తీసింది.

పేరు ఎవరిది, హక్కు ఎవరిది

ఇన్ని సినిమాల వెనక ఉన్న మనిషికి ఏం దొరికింది?

1945లో ఆయన ‘రియర్ విండో’ మూలకథతో కలిపి ఆరు కథల సినిమా హక్కులు 9,250 డాలర్లకు అమ్ముకున్నాడు. ఆ హక్కులు చేతులు మారి హిచ్‌కాక్‌కీ, హీరో జేమ్స్ స్టువర్ట్‌కీ చేరాయి. సినిమా దునియా అంతా ఆడింది. ప్రీమియర్‌కి హిచ్‌కాక్ ఒక టికెట్ కూడా పంపలేదని వూల్‌రిచ్ బాధపడ్డాడంటారు. పద్నాలుగేళ్ల తర్వాత ట్రూఫో సినిమా న్యూయార్క్‌లోనే ప్రీమియర్ అయినప్పుడు ఆయన వెళ్లలేదు.

అప్పటి అమెరికా చట్టం ప్రకారం కాపీరైట్ మొదట 28 ఏళ్లు. తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి. ఆ గడువు రాకముందే ఆయన పోయాడు. 1969లో ఆయన ఆస్తి చూస్తున్న బ్యాంకు ఆ కథను రెన్యువల్ చేసి, షెల్డన్ అబెండ్ అనే ఏజెంటుకు 650 డాలర్లకు, వచ్చే ఆదాయంలో 10 శాతం వాటాకు ఇచ్చింది. 1983లో సినిమాను మళ్లీ విడుదల చేశాక అబెండ్ ముకద్దమా వేశాడు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1990లో ఫైసలా వచ్చింది: రచయిత రెన్యువల్‌కి ముందే మరణిస్తే, రెన్యువల్ హక్కు ఆయన తర్వాతివాళ్లదే. పాత ఒప్పందం చూపించి సినిమావాళ్లు వాడుకుంటూ పోవడానికి వీల్లేదు. ‘స్టువర్ట్ వర్సెస్ అబెండ్’ అనే ఆ కేసును కాపీరైట్ చదివే లా విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. కథకు ఒక అదాలత్ గవాహి ఇచ్చింది. వినడానికి కథకుడు లేడు, పోయి 22 ఏళ్లయింది.

తల్లి పోయాక ఆయన తన్హాయీలో, షరాబ్‌లో మునిగిపోయాడు. చెప్పు బిగుతై కాలికి పుండు పడితే పట్టించుకోలేదు. అది కుళ్లి, 1968 మొదట్లో కాలు తీసేశారు. కదల్లేని కాలితో కిటికీ దగ్గర కూర్చున్న మనిషి కథ రాసినవాడు, చివరి నెలలు హోటల్లో చక్రాల కుర్చీలో గడిపాడు. సెప్టెంబర్ 25న చనిపోయాడు. దాదాపు 8,50,000 డాలర్ల ఆస్తిని తాను డిగ్రీ పూర్తి చేయని ఆ కొలంబియా యూనివర్సిటీకే వసీయత్ చేశాడు. రచన నేర్చుకునే విద్యార్థులకు, తల్లి పేరు మీద వజీఫా ఇవ్వమని.

మొన్న రంజాన్ సెలవులకి ఊరెళ్లినప్పుడు ఖాలాజాన్‌కి ఇదంతా చెప్పాను. ‘కటీ పతంగ్’కి అసలు నవల్లో ముగింపు ఏమిటో చెబితే చాలాసేపు ఊరుకుంది.

“ఇద్దరిలో ఎవరూ చంపలేదేమో బేటా. అడిగి చూసుకోవచ్చు కదా,” అంది.

“అడిగినా నమ్మరు ఖాలా.”

“అవును. అదొకటి ఉంది.” కాసేపాగి, “ఆయనకు పిల్లల్లేరా?” అంది.

“లేరు. ఉన్నదంతా చదువుకునే పిల్లలకి రాసిచ్చాడు. అమ్మ పేరు మీద.”

“మంచిపని చేశాడు.” అని కళ్లజోడు తుడుచుకుని, “ఆ కిటికీ పిల్లవాడి సినిమా అన్నావే, అది నీ ఫోన్‌లో వస్తుందా? మీ అమ్మీని కూడా పిలువు. మొదటినుంచీ చూద్దాం,” అంది.